పాత లాప్‌టాప్ ఇచ్చే అన్నలకు, ర్యామ్ కొనే తమ్ముళ్లకు

వార్షికోత్సవ సంచిక అనగానే మనలో చాలామంది హాస్టల్ జ్ఞాపకాలే రాస్తారు. నీళ్ల చారు, ట్రంకు పెట్టెలు, వార్డెన్ సార్ రాత్రి హాజరు, దసరా సెలవులకు ఊరికి పోవడానికి బస్సు చార్జీల కోసం పడిన తిప్పలు. అవి చదువుతుంటే నాకూ సంతోషంగానే ఉంటుంది. కానీ ఈసారి సంచిక కమిటీ మిత్రులు "ఇప్పుడు హాస్టల్లో ఉన్న పిల్లలకు పనికొచ్చేది ఏదన్నా రాయన్నా" అని అడిగారు. అందుకని చూడడానికి చాలా చిన్నగా కనిపించే ఒక విషయం మీద నా అభిప్రాయం రాస్తున్నాను. పాత లాప్‌టాప్‌లో వేసే ర్యామ్ గురించి.

ఇంత చిన్న విషయానికి ఇన్ని పేజీలా అని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. ఉద్యోగం చేసుకుంటున్న మన జేబులోంచి పోయే రెండు వేలు వేరు, సెకండియర్ చదువుతున్న తమ్ముడి జేబులోంచి పోయే రెండు వేలు వేరు. అతనికి స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఆ రెండు వేలు ఊర్లో అమ్మ పత్తి ఏరిన కూలి డబ్బులు అయి ఉండవచ్చు. ఆ డబ్బుతో కొన్న ర్యామ్ తన లాప్‌టాప్‌కు పనికిరాదని తేలితే, షాపువాడు వాపస్ తీసుకోనంటే, ఆ పిల్లవాడు మళ్లీ కంప్యూటర్ జోలికి వెళ్లడానికే జంకుతాడు. ఇలాంటివి ఈ రెండు మూడేళ్లలో నేను చాలానే చూశాను.

నేను చెప్పదలచుకున్నది ఇది. పాత లాప్‌టాప్ ఇవ్వడంలో తప్పు లేదు. పాతది వాడుకోవడం నామోషీ కానే కాదు. కానీ అందులో ఏ రకం ర్యామ్ ఉంది, ఇంకా ఎంత వేయొచ్చు, ఎన్ని స్లాట్లు ఉన్నాయి అనే వివరం రాసి ఇవ్వకుండా ఉత్త పెట్టె మాత్రం ఇస్తే, ఆ తర్వాత జరిగే ఖర్చంతా మనం ఆ పిల్లల మీదికి నెట్టినట్టే.

అసలు ఈ పాత లాప్‌టాప్‌లు మన హాస్టళ్లకు రావడం ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకుందాం. 2020లో కరోనా వచ్చి కాలేజీలు, హాస్టళ్లు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి బడి పిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరిలోనూ, టి-శాట్‌లోనూ వచ్చాయి. దూరదర్శన్ కేంద్రం మన పక్కనే, రామంతాపూర్‌లోనే ఉంది. బడి పిల్లలకు టీవీ అన్నా దొరికింది. డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివే మనవాళ్లకు మాత్రం చేతిలో ఫోనే గతి. ఫోన్‌లో క్లాసు వినొచ్చు గానీ ప్రోగ్రాం రాయడం, ప్రాజెక్టు రిపోర్టు చేయడం ఎలా? అప్పటి నుంచే పూర్వ విద్యార్థులు తమ దగ్గరున్న పాత లాప్‌టాప్‌లు ఇవ్వడం ఎక్కువైంది. అది మంచి పని. ఆఫీసులు నాలుగైదేళ్లు వాడి మార్చేసిన లాప్‌టాప్‌లు కూడా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో దొరుకుతున్నాయి. డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వంటివి. ఇవి గట్టి మిషన్లు. వీటిలో చాలా మోడళ్లకు కింద స్క్రూలు విప్పితే ర్యామ్ కనిపిస్తుంది. మార్చుకునే వీలు ఉంటుంది.

చిక్కల్లా ఏమిటంటే వీటిలో ఎక్కువ వాటికి 4 జీబీ ర్యామే ఉంటుంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి, పక్కన వర్డ్ ఫైలు పెట్టుకుంటే మిషన్ మొరాయిస్తుంది. అప్పుడు పక్క గది సీనియర్ "ర్యామ్ వేయించుకోరా, స్పీడ్ అయితది" అంటాడు. తమ్ముడు డబ్బులు పోగు చేసుకుని షాపుకు పోతాడు. "అన్నా, లాప్‌టాప్‌కు 8 జీబీ ర్యామ్ ఉందా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నలోనే లోపం ఉంది.

మనకు బడి రోజుల్లో హాస్టల్ యూనిఫారాలు ఇచ్చేవారు గుర్తుందా? కొలతలు తీసుకోకుండా అందరికీ ఒకే సైజులో కుట్టించి పంచేవారు. ఒకడికి భుజాలు జారేవి, ఒకడికి గుండీలు పట్టేవి కావు. అయినా ఎలాగోలా తొడుక్కున్నాం. ర్యామ్‌తో అలా సర్దుకుపోవడం కుదరదు. కొలత తప్పితే మిషన్ ఆన్ అవ్వదు. అంతే.

ఇప్పుడు ఆ కొలతల సంగతి చూద్దాం. కొంచెం ఓపికగా చదవండి తమ్ముళ్లూ, ఇది ఒకసారి తెలుసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు.

డెస్క్‌టాప్ ర్యామ్ పొడుగ్గా ఉంటుంది, లాప్‌టాప్ ర్యామ్ దాదాపు సగం పొడవే ఉంటుంది. లాప్‌టాప్‌ది సోడిమ్ అంటారు. ఈ తేడా కంటికే తెలుస్తుంది. తర్వాతది తరం. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని ఉన్నాయి. లాప్‌టాప్ స్టిక్‌కు కింద బంగారు రంగులో ఉండే పిన్నులు డీడీఆర్2కు 200, డీడీఆర్3కు 204, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262. మధ్యలో ఉండే గాటు కూడా ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. అందుకే ఒక తరం స్టిక్ ఇంకో తరం స్లాట్‌లో దిగదు. దిగడం లేదని బలంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది, మదర్‌బోర్డు పోతుంది. కాబట్టి "కొత్త తరం కదా, ఇంకా స్పీడ్ ఉంటది" అనే మాట ఇక్కడ చెల్లదు. మీ లాప్‌టాప్ డీడీఆర్3ది అయితే బతికినంత కాలం అది డీడీఆర్3దే.

ఈ తరం తేడా కన్నా ఎక్కువ మందిని ముంచేది డీడీఆర్3, డీడీఆర్3ఎల్ మధ్య తేడా. రెండిటికీ పిన్నులు 204. గాటు కూడా ఒకే చోట. అంటే ఏది వేసినా స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది. తేడా అంతా కరెంటులో ఉంది. మామూలు డీడీఆర్3కు 1.5 వోల్టులు కావాలి. ఎల్ ఉన్నది 1.35 వోల్టులతో నడుస్తుంది, 1.5 ఇచ్చినా నడుస్తుంది. కానీ 2013 తర్వాత వచ్చిన చాలా లాప్‌టాప్‌లు, ముఖ్యంగా ఇంటెల్ నాలుగో తరంలో పేరు చివర 'యు' అక్షరం ఉన్న ప్రాసెసర్లు, 1.35 వోల్టుల ర్యామ్ కోసమే తయారైనవి. వాటిలో మామూలు డీడీఆర్3 వేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, లేదా బీప్ బీప్ అంటుంది. పిల్లవాడు లాప్‌టాప్ చెడిపోయిందని హడలిపోతాడు. నా సలహా ఏమిటంటే, డీడీఆర్3 లాప్‌టాప్ ఏదైనా సరే, ఎల్ ఉన్నదే అడగండి. అది దాదాపు రెండు చోట్లా పనిచేస్తుంది. ఎల్ లేనిది ఒక్కచోటే పనిచేస్తుంది.

ఇవన్నీ ఆ స్టిక్ మీద అంటించిన కాగితం మీదే రాసి ఉంటాయి. ఉదాహరణకు దాని మీద ఇంగ్లిషులో 4జీబీ, 1ఆర్‌ఎక్స్8, పీసీ3ఎల్-12800ఎస్ అని ఉందనుకోండి. 4జీబీ సైజు. పీసీ3 అంటే డీడీఆర్3. పక్కన ఎల్ అంటే తక్కువ వోల్టేజీ. 12800 అంటే స్పీడు, మనం 1600 అని చెప్పుకునేది అదే. 10600 అని ఉంటే 1333. చివరి ఎస్ అంటే లాప్‌టాప్‌ది. అక్కడ యు ఉంటే డెస్క్‌టాప్‌ది. డీడీఆర్4 అయితే పీసీ4 అని మొదలవుతుంది, 2133, 2400, 2666, 3200 అని స్పీడులు ఉంటాయి. స్పీడు విషయంలో మరీ భయపడక్కర్లేదు. 2400 పక్కన 2666 వేస్తే మామూలుగా రెండూ తక్కువ స్పీడుకు సర్దుకుని నడుస్తాయి. రెండూ ఒకే కంపెనీవి అయి ఉండాలనే నియమం కూడా లేదు. అప్పుడప్పుడు పేచీ పెడతాయి కాబట్టి వేసి చూసుకుని కొనాలి.

ఒకసారి జరిగింది చెప్తాను. మన హాస్టల్ తమ్ముడు ఒకడు, డిప్లొమా చదువుతున్నవాడు, ఒక ఆదివారం ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద నన్ను కలిశాడు. బ్యాగులో థింక్‌ప్యాడ్ టీ460, చేతిలో సీలు తీసిన డీడీఆర్4 ర్యామ్. "అన్నా, గిది సిక్స్త్ జనరేషన్. సిక్స్త్ జనరేషన్ అంటె డీడీఆర్ ఫోరే ఉంటదని అందరు చెప్పిన్రు. గిది స్లాట్ల దిగుతనే లేదు" అన్నాడు. పాపం, వాడు తెలివితక్కువవాడు కాదు, ఇంటర్నెట్‌లో చూసే కొన్నాడు. ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లు డీడీఆర్3ఎల్‌తోనూ నడుస్తాయి, డీడీఆర్4తోనూ నడుస్తాయి. ఏది పెట్టాలనేది లాప్‌టాప్ చేసిన కంపెనీ ఇష్టం. హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ3లో డీడీఆర్4 పెట్టారు. లెనోవో టీ460లో డీడీఆర్3ఎల్ పెట్టారు. రెండూ ఆరో తరమే. ప్రాసెసర్ తరం చూసి ర్యామ్ కొనకూడదని అందుకే అంటున్నాను. మోడల్ పేరు చూడాలి, దానికన్నా ముందు లోపలున్న స్టిక్ చూడాలి. షాపువాడు "సీల్ తీసినంక వాపస్ తీస్కోం" అన్నాడట. అతన్ని తప్పు పట్టి లాభం లేదు. అడిగినదే ఇచ్చాడు కదా.

టీ460 అన్నాను కాబట్టి ఇంకొక మాట. ఆ మోడల్‌కు రెండు బ్యాటరీలు. వెనక తీసేది ఒకటి, లోపల కనిపించనిది ఒకటి. బయటది తీసి కరెంటు ఆగిపోయిందనుకుని చెయ్యి పెడితే ప్రమాదం. బయోస్‌లోకి పోయి లోపలి బ్యాటరీని ఆపే ఆప్షన్ ఎంచుకున్నాకే వెనక మూత తీయాలి. ఏ లాప్‌టాప్ అయినా సరే చార్జర్ తీసి, బ్యాటరీ తీసి, ఏదైనా ఇనుప వస్తువును ఒకసారి ముట్టుకుని, తర్వాతే స్టిక్ అంచులు పట్టుకోవాలి. బంగారు పిన్నుల మీద వేలు పెట్టకూడదు. స్టిక్‌ను ఏటవాలుగా లోపలికి తోసి కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులు టక్కున పడతాయి. అవి పడకపోతే స్టిక్ సరిగా కూర్చోలేదని లెక్క.

ఇంకా లోతుగా పోతే చిప్పుల లెక్క ఒకటి ఉంది. ఇది షాపుల్లో కూడా చాలామందికి తెలియదు, కాబట్టి మన పిల్లలకు తెలిసి ఉండడం మంచిది. ఇంటెల్ రెండో తరం నుంచి నాలుగో తరం దాకా, అంటే సుమారు 2011 నుంచి 2014 వరకు వచ్చిన లాప్‌టాప్‌లలో, 8 జీబీ స్టిక్ వేయాలంటే దాని మీద నల్లటి చిప్పులు రెండు పక్కలా కలిపి 16 ఉండాలి. 8 చిప్పులే ఉన్న 8 జీబీ డీడీఆర్3ఎల్ స్టిక్‌లు కూడా వస్తాయి. ఒక్కో చిప్పులో ఎక్కువ మెమరీ కుక్కి తయారు చేసినవి. ఆ పాత ప్రాసెసర్లు వాటిని గుర్తించవు. స్టిక్ బాగానే ఉంటుంది, లాప్‌టాప్ బాగానే ఉంటుంది, రెండూ కలిస్తే మాత్రం నడవదు. కాగితం మీద 2ఆర్‌ఎక్స్8 అని ఉంటే 16 చిప్పులది, 1ఆర్‌ఎక్స్8 అని ఉంటే 8 చిప్పులది. మొదటి తరం ఐ3, ఐ5 లాప్‌టాప్‌లకు ఇదే నియమం 4 జీబీ స్టిక్ దగ్గరే వర్తిస్తుంది. 4 జీబీకే 16 చిప్పులు ఉండాలి. వాటిలో మొత్తం 8 జీబీకి మించి ఎలాగూ పట్టదు.

డీడీఆర్2 లాప్‌టాప్‌ల మీద డబ్బు పెట్టవద్దనేది నా ఖచ్చితమైన అభిప్రాయం. కోర్ 2 డుయో కాలం నాటివి అవి. అన్నలు ఎవరైనా అలాంటిది ఇవ్వాలనుకుంటే దయచేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి, హాస్టల్‌కు వద్దు. ర్యామ్ బోర్డుకే అతికించి వచ్చిన సన్నటి లాప్‌టాప్‌లు ఇంకొక రకం. మాక్‌బుక్ ఎయిర్ ఏ మోడల్‌లోనూ ర్యామ్ మార్చలేం. థింక్‌ప్యాడ్ టీ440ఎస్‌లో 4 జీబీ అతికించి ఉంటుంది, దాంతోపాటు ఒక స్లాట్ ఉంటుంది. అలాంటి దానికి రెండు స్టిక్‌లు కొని తెచ్చుకుంటే ఒకటి మిగిలిపోతుంది.

అసలు ర్యామే జబ్బా అనేది కూడా చూసుకోవాలి. చాలా లాప్‌టాప్‌లు నెమ్మదించేది ర్యామ్ వల్ల కాదు, లోపల గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కు వల్ల. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, మీరు రోజూ చేసే పని చేస్తూ గమనించండి. మెమరీ తొంభై శాతం దాటి అక్కడే నిలబడితే ర్యామ్ చాలడం లేదు. మెమరీ సగమే ఉండి డిస్కు మాత్రం నూటికి నూరు చూపిస్తుంటే ర్యామ్ కొనడం దండగ, ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు ఉన్నాయి, ఎన్ని నిండాయి అనేది కూడా ఉంటుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఏ స్లాట్‌లో ఏ రకం స్టిక్ ఉందో మూత తీయకుండానే చెబుతుంది. లినక్స్ వాడేవాళ్లకు డీఎంఐడీకోడ్ అనే కమాండ్ ఉంది.

విండోస్ మాట వచ్చింది కాబట్టి రెండు సంగతులు. 32 బిట్ల విండోస్ ఉన్న లాప్‌టాప్‌లో 8 జీబీ వేసినా అది 4 జీబీ లోపే వాడుకుంటుంది. ముందు 64 బిట్లది వేయించాలి. రెండోది, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. "ర్యామ్ పెంచితే విండోస్ 11 ఎక్కుతుంది" అని కొందరు షాపుల్లో చెప్తున్నారు. విండోస్ 11 అడిగే కనీస ర్యామ్ 4 జీబీయే. అడ్డం పడేది ర్యామ్ కాదు, ప్రాసెసర్. ఇంటెల్‌లో మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేవి దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతాయి, టీపీఎం 2.0 కూడా ఉండాలి. కాబట్టి మన దగ్గరున్న నాలుగో తరం, ఆరో తరం లాప్‌టాప్‌లకు 8 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ వేసి లినక్స్ మింట్ లాంటిది ఎక్కించుకోవడం మేలని నా ఉద్దేశం. సీ, పైథాన్, జావా నేర్చుకోవడానికి ఇది చాలు. ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్లకు 16 జీబీ ఉంటేనే సుఖం.

ధరల సంగతి కూడా చెప్పాలి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లకు చిప్పులు తరలిపోతున్నాయి. ర్యామ్ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు ప్రపంచంలో ముఖ్యంగా మూడే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. మనలాంటి వాళ్లకు షాపుల్లో అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో కట్టే డేటా సెంటర్‌కు, నాచారం గదిలో కూర్చున్న మన తమ్ముడి 4 జీబీ లాప్‌టాప్‌కు సంబంధం ఏమిటంటే ఇదే. ఒకప్పుడు తప్పు ర్యామ్ కొంటే పోయేది తక్కువ. ఇప్పుడు పోయేది ఎక్కువ.

కొనడానికి ఎక్కడికి పోవాలి అంటే, ఉప్పల్ ఎక్స్ రోడ్డు దగ్గరా, హబ్సిగూడ నుంచి నాచారం పోయే దారిలోనూ లాప్‌టాప్ రిపేరు షాపులు ఉన్నాయి. ఇంకా ఎక్కువ రకాలు కావాలంటే సికింద్రాబాద్ సీటీసీ ఉండనే ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే మారాల్సిన పని లేకుండా నేరుగా ప్యారడైజ్‌లో దిగి నడిచిపోవచ్చు. ఎక్కడికి పోయినా లాప్‌టాప్ వెంట తీసుకుపోండి. పాత స్టిక్ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. అక్కడే వేయించి, ఆన్ చేయించి, మొత్తం ర్యామ్ కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే డబ్బులు ఇవ్వండి. బిల్లు అడగండి. బిల్లు మీద రకం, సైజు, వారంటీ రాయించండి. సెకండ్ హ్యాండ్‌ది కొంటే కనీసం వారం రోజుల్లో మార్చిస్తామని రాయించుకోండి. గదికి వచ్చాక విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ గానీ, మెమ్‌టెస్ట్ గానీ ఒక రాత్రంతా నడపండి. చెడు స్టిక్ వెంటనే బయటపడకపోవచ్చు, ప్రాజెక్టు సబ్మిషన్ ముందు రోజు బయటపడుతుంది.

ఇంతవరకు తమ్ముళ్లకు. ఇక అన్నలకు.

మన పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక మిత్రుడు గట్టిగానే అన్నాడు: "మన పిల్లలకు ఎప్పుడూ పాతవేనా? పాత పుస్తకాలు, పాత బట్టలు, ఇప్పుడు పాత లాప్‌టాప్‌లు. ఇస్తే కొత్తవి ఇవ్వాలి, లేదంటే ప్రభుత్వాన్ని అడగాలి." ఆయన బాధ నాకు అర్థమైంది. వాడి పారేసినవి మనకు విసిరేయడం అనే అనుభవం మన తల్లిదండ్రులకు కొత్త కాదు. ప్రభుత్వాన్ని అడగాలన్న మాటలో నాకు భేదాభిప్రాయం లేదు. ప్రతి హాస్టల్లో పనిచేసే కంప్యూటర్ గది ఉండాలి, అది పిల్లల హక్కు. కానీ అది వచ్చేలోపు రెండు బ్యాచ్‌లు వెళ్లిపోతాయి. నలభై వేల కొత్త లాప్‌టాప్ కిస్తీల మీద కొనుక్కొమ్మని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ కిస్తీ కట్టడానికి పిల్లవాడు రాత్రిళ్లు డెలివరీ పనికి పోతే చదువు ఎక్కడ మిగులుతుంది? సరైన ర్యామ్ వేసిన పాత లాప్‌టాప్ ఆ మూడేళ్లూ గట్టెక్కిస్తుంది. అవమానం పాతదాంట్లో లేదు. పనికొస్తుందో లేదో చూడకుండా ఇవ్వడంలో ఉంది.

అందుకే నా ప్రతిపాదన. లాప్‌టాప్ ఇచ్చే ప్రతి అన్నా దాంతోపాటు ఒక చీటీ ఇవ్వాలి. మోడల్ పేరు, ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ రకం (ఎల్ ఉందా లేదా అనేది కూడా), స్లాట్లు ఎన్ని, అతికించిన ర్యామ్ ఏమైనా ఉందా, కంపెనీ మాన్యువల్ ప్రకారం ఎంతవరకు వేయొచ్చు. ఆఫీసులో పది నిమిషాల పని. మన వెయ్యి రూపాయల చందా కన్నా ఈ పది నిమిషాలు ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం. వీలైతే ర్యామ్ మీరే వేయించి ఇవ్వండి. అప్పుడు సరిపోకపోతే ఆ తిప్పలేవో మనమే పడతాం, పిల్లలు పడరు.

రెండోది, హాస్టల్లో ఒక రిజిస్టరు. మెస్ సరుకులకు స్టాక్ రిజిస్టరు ఉన్నట్టే లాప్‌టాప్‌లకూ ఒకటి. ఏ లాప్‌టాప్ ఎవరి దగ్గర ఉంది, లోపల ఏముంది, ఎప్పుడు ఏం మార్చారు అన్నది అందులో ఉంటే ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయేటప్పుడు జూనియర్లకు లాప్‌టాప్‌తో పాటు సమాచారం కూడా అందుతుంది. ఇది వార్డెన్ సార్ మీద వేసే పని కాదు. ఆయనకు బిల్లులు, హాజరు, ఆడిట్‌తోనే సరిపోతుంది. పిల్లలే రాసుకోవాలి, ఏడాదికి ఇద్దరు చొప్పున.

మూడోది నాకు ఎక్కువ ఇష్టమైనది. ఒకరు 4 జీబీ తీసి 8 జీబీ వేసుకుంటారు. ఆ తీసిన 4 జీబీ ఏమవుతుంది? ట్రంకు పెట్టెలో పడి ఉంటుంది, లేకపోతే షాపువాడు తీసుకుంటాడు. అదే రకం స్లాట్ ఖాళీగా ఉన్న లాప్‌టాప్ పక్క గదిలో ఉండవచ్చు. ఉన్న 4 జీబీకి ఇంకొక 4 జీబీ జత చేస్తే వాడికి పైసా ఖర్చు లేకుండా 8 జీబీ అవుతుంది, పైగా రెండు స్టిక్‌లు ఉంటే మెమరీ జంట దారిలో నడిచి కొంచెం వేగం కూడా వస్తుంది. కాబట్టి తీసిన స్టిక్‌లన్నీ ఒక డబ్బాలో వేద్దాం. ఉత్త ప్లాస్టిక్ కవర్లో కాదు, కొత్త ర్యామ్ వచ్చే కవరు లాంటి యాంటీ స్టాటిక్ కవర్లో. మీద రకం, సైజు, పరీక్షించిన తేదీ రాసి.

మన ప్రాంతానికి కంప్యూటర్ కొత్త వస్తువేం కాదు. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా పోతే కుషాయిగూడలో 1967లో మొదలైన ఈసీఐఎల్ ఉంది. టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్‌ను ఆ సంస్థ 1969 నాటికే తయారు చేసింది. ఇంత దగ్గర్లో అంత పని జరిగిన చోట, మన పిల్లలు ఒక స్టిక్ మీది కాగితం చదవలేక డబ్బు పోగొట్టుకోవడం నాకు మింగుడుపడదు. పదో తరగతి చదివినవాడు ఎవడైనా ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకునే విద్య ఇది.

డబ్బా సంగతి కమిటీ వాళ్లతో ఇప్పటికే మాట్లాడాను, ఒప్పుకున్నారు. మొదటి విడతగా నా దగ్గర పరీక్షించినవి డీడీఆర్3ఎల్ 4 జీబీ స్టిక్‌లు మూడు, డీడీఆర్4 4 జీబీది ఒకటి ఉన్నాయి. వార్షికోత్సవం రోజు భోజనాలయ్యాక లైబ్రరీ గదిలో చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు పెట్టుకుని కూర్చుంటాను. కావాల్సిన తమ్ముళ్లు లాప్‌టాప్, చార్జర్ రెండూ తీసుకుని రండి. ఇవ్వదలచిన అన్నలు చీటీ రాసుకుని రండి.